నమాజు : ఐదు వేళల ఆరాధన - దక్షిణాపథమున దాని జాడలు

తెలుగువారు తరతరములుగా కాపురముండిన బళ్లారి, రాయచూరు వంటి సీమలలో దేవాలయ ఘంటానాదమును, మసీదునుండి వెలువడు అజాను పిలుపును ఒక్క వీధివారే వినుచుందురు. కాని వినుట వేరు, ఎరుగుట వేరు. పొరుగింటివారి నిత్యారాధన ఎట్టిదో, ఏ కాలమున ఏర్పడినదో, ఈ నేలపై ఎట్టి గుర్తులను నిలిపినదో పలువురకు తెలియదు. తెలియనిచోట అపోహలు చేరును. కావున ఆ చరిత్రను సంగ్రహముగ పరిశీలించుట అవసరము.

ముందుగా పదములను గూర్చి. ఇస్లాములో నిత్యప్రార్థనకు అరబ్బీ పేరు సలాత్. భారతదేశమున వ్యాపించిన 'నమాజు' పారశీక పదము. వంగుట అను అర్థముగల ప్రాచీన ధాతువునుండి అది పుట్టినది. సంస్కృతమునందలి 'నమస్' అను మాటకును అదియే మూలము. అనగా నమస్కారము, నమాజు అను రెండు మాటలును ఒక్క కుదుటినుండి మొలచినవే. 'మసీదు' అరబ్బీ 'మస్జిద్' నుండి వచ్చినది. సాష్టాంగపడు చోటని దాని అర్థము. దానమును తెలుపు 'జకాత్' చరిత్ర మరింత విచిత్రము. సంవత్సరకాలము నిలిచియున్న ధనమున నలువదవ వంతును పేదలకిచ్చు విధి అది. కాని అదే మాట మరాఠీ కన్నడములందు వర్తకుల సరకుపై విధించు సుంకమునకు పేరైనది. మతమునందలి మాట పాలకుల కచేరీలోనికి పోయి అర్థమును మార్చుకొన్నది.

విశ్వాసప్రకటనము, నమాజు, జకాత్, రంజాను ఉపవాసము, హజ్ యాత్ర అను ఐదును ఇస్లామునకు మూలస్తంభములు. వీనిలో ప్రతిదినము పాటింపవలసినది నమాజు. ఉషఃకాలమున ఫజర్, మధ్యాహ్నము తిరిగిన పిదప జుహర్, సాయంకాలమునకు ముందు అసర్, సూర్యాస్తమయానంతరము మగ్రిబ్, రాత్రి ఇషా. వీనియందు విధిగా చేయవలసిన రకాతులు వరుసగా 2, 4, 4, 3, 4, వెరసి 17. నిలుచుట, వంగుట, రెండు మారులు నుదురు నేల మోపుట చేరినది ఒక రకాతు. ప్రతి రకాతునందును ఏడు వాక్యముల ఫాతిహా అధ్యాయమును పఠింతురు. షియాలు ఈ ఐదింటిని తరచుగా మూడు వేళలకు కూర్చి చేయుదురు.

నమాజునకు ముందు చేతులు, నోరు, ముక్కు, ముఖము, మోచేతులవరకు బాహువులు కడిగి, తల తడిచేసి, పాదములు కడుగుకొనుట 'వజూ'. నీరు దొరకనిచో శుద్ధమైన మట్టి చాలును. రోగి కూర్చుండియో పరుండియో చేయవచ్చును. బాటసారికి నాలుగు రకాతులు రెండగును. నియమము దృఢమైనదేకాని నిర్దయమైనది కాదు.

ఈ వేళలు సూర్యుని ననుసరించును. మాసములు మాత్రము చంద్రుని ననుసరించును. తెలుగు పంచాంగమునందువలె అధికమాసము లేకపోవుటచే రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగుచు, ఇంచుమించు 33 ఏండ్లలో ఋతువులన్నియు చుట్టివచ్చును.

ముస్లిములు పడమటిదిక్కును పూజింతురను మాట పల్లెలలో వినబడుచుండును. అది సరికాదు. ప్రవక్త ముహమ్మదు 622లో మక్కానుండి మదీనాకు తరలిన పిమ్మట కొంతకాలము జెరూసలేమువైపు తిరిగియే నమాజు సాగినది. 624లో మక్కాలోని కాబావైపు తిరుగవలెనని విధి ఏర్పడెను. మదీనావారికి మక్కా దక్షిణమున నున్నది. కనుక వారు దక్షిణముఖులై నిలుతురు. హంపీకిగాని యానాముకుగాని అది పడమట, కొలదిగా ఉత్తరమునకు ఒరిగియున్నది. ముఖ్యము కాబాయే, దిక్కు మారుచునే యుండును. మదీనాలో అజాను పలికిన తొలి వ్యక్తి బిలాల్, దాస్యమునుండి విముక్తుడైన హబషీ జాతీయుడు.

దక్షిణాపథమున ఈ ఆరాధన నిలిపిన కట్టడములలో మూడింటిని పేర్కొనవలెను. గుల్బర్గా కోటలోని జామా మసీదు 1367 నాటిది. నడుమ తెరపి ప్రాంగణము లేక అంతయు పైకప్పుతో నుండుట దాని విశేషము. రాయచూరునందలి ఒంటిమినారు మసీదు శాసనము 1513 నాటిది. ఈ రెండును సుల్తానుల ఏలుబడిలోనివి.

మూడవది హంపీలో నున్నది. అది అన్నిటికంటె ఆలోచింపదగినది. విజయనగర ప్రభువగు రెండవ దేవరాయల కొలువులోని అహమ్మద్ ఖాన్ 1439లో దానిని కట్టించెను. గుమ్మటము లేదు, మినారు లేదు. రాతిస్తంభములతో దేవాలయ మండపమువలె నుండును. పడమటిగోడలోని మిహ్రాబు గూడు మాత్రమే దాని ప్రయోజనమును తెలుపును. అందలి కన్నడ శాసనము దానిని 'ధర్మసాలె' యని పేర్కొని, దేవరాయల పుణ్యార్థము నిర్మించినట్లు చెప్పుచున్నది. ముస్లిము సేనాని తన ప్రార్థనామందిరమునకు పొరుగువారెరిగిన మాటనే పేరుగా నుంచి, దాని ఫలమును తన హిందూ ప్రభువునకు అర్పించెను. దేవరాయలు తన ముస్లిము సైనికులు నమస్కరించుటకు వీలుగా సింహాసనము ముందు ఖురాను నుంచెనని బీజాపురమున చరిత్ర వ్రాసిన ఫెరిష్తా చెప్పెను. ఫెరిష్తా కథనము ఆ కాలమునకు శతాబ్దమునకు పైబడి తరువాతిది, శాసనము సమకాలికము. రెండును ఒకే వైఖరిని సూచించుచున్నవి.

ఇక భాషావిషయము. నమాజు ఎల్లెడల అరబ్బీలోనే జరుగును. అర్థబోధ మాతృభాషలో కావలెను. తమిళ ముస్లిములు అరబ్బీ లిపిలో తమిళమును వ్రాసి 'అర్వీ' సాహిత్యమును సృష్టించిరి. తెలుగునందు దూదేకులవారు మున్నగు ముస్లిములకు ఇంటిభాష తెలుగే. పిఠాపురవాసి ఉమర్ అలీషా (1885–1945) తెలుగుకవిగా కీర్తి గాంచెను. ఖురానును తెనిగించినవారిలో ప్రథమగణ్యుడు, ఆంధ్రభాషాచరిత్రకారుడగు చిలుకూరి నారాయణరావు. పొరుగువారి గ్రంథమును తన నుడిలో చదువుకొనవలెనను కోరిక ఒక పండితుని అంతటి శ్రమకు పురికొల్పినది.

అన్యభాషాప్రాంతమున తమ పలుకును కాపాడుకొను తెలుగువారికి ఇందొక పాఠము కలదు. ప్రార్థన అరబ్బీలో, మాట తెలుగులో, వీధి కన్నడములోనో తమిళములోనో సాగు ఇంటిబిడ్డ తెలుగు బడికి పరాయివాడు కాడు. ధర్మసాలె యను మాటలో మసీదు ఒదిగినట్లు, తెలుగను మాటలో ఆ బిడ్డయు ఒదుగవలెను. అట్లొదిగించుకొనుట తెలుగు బడికి భారము కాదు, బలము.