పిండ జన్యువుకు పరీక్ష: నమూనా మొక్క నుంచి పంట పొలానికి

1. పరిచయం

2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా కృష్ణా జిల్లాలో ఉన్న నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ఇక్కడ హైబ్రిడ్ విత్తనం వేసే రైతు ఏటా కొత్త విత్తనం కొనవలసిందే. హైబ్రిడ్ చేలో కాసిన గింజను దాచి మరుసటి ఏడాది విత్తితే మొక్కలు ఒకే తీరుగా రావు. పరాగరేణువులు, స్త్రీబీజకణాలు ఏర్పడే ముందు జరిగే క్షయకరణ విభజనలో తల్లిదండ్రుల జన్యువులు కలగాపులగమై విడిపోవడమే ఇందుకు కారణం. ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్-4 1970లో సూరత్‌లో విడుదలైంది. రైతుకు విత్తనంపై ఉన్న ఈ ఆధారం అప్పటినుంచీ పెరుగుతూ వచ్చింది.

హైబ్రిడ్ మొక్క తన గుణాలను ఏమాత్రం మార్చకుండా గింజలోకి పంపగలదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. ఉమ్మెత్త నుంచి రేప్‌సీడ్‌కు

సాధారణంగా ఫలదీకరణం తర్వాతే పిండం ఏర్పడుతుంది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను పోషక మాధ్యమంలో పెంచారు. వాటిలోని పరాగరేణువుల నుంచి నేరుగా పిండాలు వచ్చాయి. పిండాన్ని నిర్మించే కార్యక్రమం ఫలదీకరణం లేకుండానే మేల్కొనగలదని దీంతో రుజువైంది.

ఆవ కుటుంబానికి చెందిన నూనె పంట రేప్‌సీడ్‌లోనూ లేత పరాగరేణువులను వేడికి గురిచేస్తే పిండాలు ఏర్పడతాయి. ఆ సమయంలో చురుకయ్యే ఒక జన్యువును నెదర్లాండ్స్‌లో కిమ్ బూటిలియర్ బృందం గుర్తించి 'బేబీ బూమ్' అని పేరు పెట్టింది.

3. నమూనా మొక్క ఎందుకు?

జన్యువును గుర్తించినంత మాత్రాన దాని పని తెలియదు. దాన్ని మరో మొక్కలో పనిచేయించి చూడాలి. ఇందుకు పత్తి అనువైనది కాదు. దాని పంటకాలం నెలల తరబడి ఉంటుంది, కణజాల వర్ధనంలో చాలా రకాలు తిరిగి మొక్కలుగా ఎదగవు.

ఆవ కుటుంబానికే చెందిన చిన్న కలుపు మొక్క అరబిడాప్సిస్ సుమారు ఆరు వారాల్లో విత్తనం నుంచి విత్తనానికి వస్తుంది. దీన్ని జన్యు పరిశోధనకు వాడవచ్చని ఫ్రెడరిక్ లైబాఖ్ 1943లో సూచించాడు. 1998 నాటికి పూలను అగ్రోబాక్టీరియం ద్రావణంలో ముంచి జన్యువును చొప్పించే సులువైన పద్ధతి వచ్చింది. 2000లో దీని జన్యుపటం పూర్తయింది.

బేబీ బూమ్‌ను అరబిడాప్సిస్‌లో అధికంగా పనిచేయించిన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. నారుమొక్కల బీజదళాలపైనా ఆకులపైనా పిండాలు పుట్టుకొచ్చాయి. అదే సమయంలో ఆకులు, పూల ఆకృతి చెడింది. తర్వాత పొగాకులో పరీక్షించినప్పుడు ఇదే జన్యువుకు బయటినుంచి హార్మోను తోడు అవసరమైంది. ఒక మొక్కలో వచ్చిన ఫలితం మరో మొక్కలో యథాతథంగా రాదని విద్యార్థులు ఇక్కడ గమనించాలి.

4. హైదరాబాద్ పాత్ర

పిండాన్ని మేల్కొల్పడం ఒక్కటే చాలదు, క్షయకరణ విభజనను కూడా తప్పించాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం అరబిడాప్సిస్‌లో 'డయాడ్' అనే జన్యువును అధ్యయనం చేసింది. ఇది మార్పు చెందిన మొక్కల్లో కొన్ని స్త్రీబీజకణాలు తల్లి జన్యువులను సగానికి తగ్గించకుండా పూర్తిగా నిలుపుకుంటాయని 2008లో ఆ బృందం చూపింది. 2011లో ఈ బృందం, ఫ్రాన్స్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి అరబిడాప్సిస్‌లో గరిష్ఠంగా 34 శాతం సంతతి తల్లికి నకళ్లుగా వచ్చేట్టు చేశారు.

5. పంటలోకి ప్రవేశం

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో ఇమ్తియాజ్ ఖాందే, వెంకటేశన్ సుందరేశన్ బృందం వరిలోని బేబీ బూమ్ జన్యువును స్త్రీబీజకణంలో పనిచేయించింది. ఫలదీకరణం లేకుండానే పిండం ఏర్పడింది. క్షయకరణ విభజనను తప్పించే మార్పులను దీనికి జోడించినప్పుడు తల్లికి నకళ్లయిన గింజలు వచ్చాయి. అయితే గింజకు ఆహారమైన అంకురచ్ఛదం ఏర్పడటానికి ఫలదీకరణం ఇంకా అవసరమే. 2022లో మరో బృందం హైబ్రిడ్ వరిలో నకళ్ల శాతాన్ని 95కు పైగా తీసుకెళ్లింది.

6. సారాంశం

నమూనా మొక్క 'ఈ జన్యువు ఏం చేయగలదు?' అన్న ప్రశ్నకు త్వరగా జవాబిస్తుంది. 'నా పంటలో ఏం చేస్తుంది?' అన్న ప్రశ్నకు పంటే జవాబివ్వాలి. అరబిడాప్సిస్ ఆకుపై పిండం కనిపించిన నాటినుంచి వరి గింజ దాకా 17 ఏళ్లు పట్టింది. అది సాధ్యమైంది కూడా జన్యువును మొక్కంతటా కాక, ఒక్క స్త్రీబీజకణంలో పనిచేయించడం నేర్చుకున్నందువల్లనే. వరిలో సాధించింది పత్తిలో, మిరపలో వేరుగా సాధించాలి. అది నెరవేరినా, అటువంటి విత్తనాన్ని దాచుకుని తిరిగి విత్తే హక్కు నందిగామ రైతుకు ఉంటుందా అన్నది ప్రయోగశాల తేల్చే విషయం కాదు. దాన్ని చట్టం, సమాజం నిర్ణయించాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. హైబ్రిడ్ విత్తనాన్ని ఏటా ఎందుకు కొనవలసి వస్తుంది?
2. పరీక్షకు పత్తి కంటే అరబిడాప్సిస్ ఎందుకు అనుకూలం?
3. బేబీ బూమ్, డయాడ్ జన్యువుల పరిశోధనలు ఒకదానికొకటి ఎలా తోడ్పడ్డాయో వివరించండి.