విదేశాల్లో చదువు - భద్రత, బీమా

ఉన్నత విద్య కోసం పరదేశం వెళ్ళే విద్యార్థి అక్కడ అనారోగ్యం, ప్రమాదం, దాడి, యుద్ధం, మరణం వంటి ఆపదలకు ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లను విదేశీ విద్యలో భద్రత, బీమా అనే రెండు అంశాల కింద పరిగణిస్తారు. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాల నుండి ఏటా వేలాది విద్యార్థులు విదేశాలకు వెళ్ళుచున్నారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉండగా, వారిలో తెలుగు రాష్ట్రాల వారి వాటా చాలా పెద్దది. 2024 జూలైలో విదేశాంగ శాఖ లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం అంతకు ముందరి ఐదేళ్ళలో 633 మంది భారతీయ విద్యార్థులు విదేశాల్లో మరణించారు. వీరిలో కెనడాలో 172 మంది, అమెరికాలో 108 మంది ఉన్నారు. సహజ మరణాలు కూడా ఈ లెక్కలో చేరి ఉన్నాయి. దాడులలో మరణించినవారు 19 మంది. పత్రికలలో ప్రముఖంగా కనిపించేవి దాడులే అయినా, ప్రాణనష్టంలో అధిక భాగం వ్యాధులు, ప్రమాదాలు మొదలైన ఇతర కారణాల వల్లనే జరిగినదని ఈ అంకెలు చెప్పుచున్నవి.

పాతబస్తీ నేపథ్యం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు తూర్పున యాకుత్‌పురా ఉన్నది. పూర్వం నగర ప్రాకారానికి ఈ పేరుతో ఒక దర్వాజా ఉండేది. కాచిగూడ - ఫలక్‌నుమా రైలు మార్గంలో డబీర్‌పురా తరువాతి స్టేషను యాకుత్‌పురా. 1970ల నుండి ఈ ప్రాంతపు కుటుంబాలకు విదేశయానం అంటే ప్రధానంగా గల్ఫ్ ఉద్యోగమే. తండ్రి గల్ఫ్‌లో సంపాదించి పంపగా, కొడుకో కూతురో అమెరికాకో ఇంగ్లాండుకో చదువుకు వెళ్ళడం తరువాతి తరంలో మొదలైంది. హైదరాబాదు నుండి విద్యార్థులు సీమకు వెళ్ళడం అంతకంటే పాతదే. సరోజినీ నాయుడు 1895లో నిజాం విద్యార్థి వేతనంతో ఇంగ్లాండు వెళ్ళారు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ప్రారంభం కావడంతో వీసా కోసం చెన్నై వెళ్ళే అవసరం తప్పింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకాన్ని ప్రవేశపెట్టింది. దీని కింద ఇచ్చే సాయాన్ని తరువాత 20 లక్షల రూపాయల వరకు పెంచారు. ఈ సొమ్ము వాయిదాలలో అందుతుంది. బీమా రుసుము మాత్రం చాలా విశ్వవిద్యాలయాలలో మొదటి సెమిస్టరు ఫీజుతో కలిపి ముందే కట్టవలసి వస్తుంది. కాబట్టి చేతిలో డబ్బు తక్కువగా ఉన్న సమయంలోనే ఏ బీమా తీసుకోవాలో నిర్ణయించవలసి ఉంటుంది. అప్పుడు చవకైనదే మంచిదిగా కనిపించడం సహజం.

పాతబస్తీలో ఇంకొక ప్రశ్న కూడా వస్తుంది. సాధారణ వాణిజ్య బీమాలో అనిశ్చితి, వడ్డీ ఉన్నాయన్న కారణంతో కొన్ని ముస్లిం కుటుంబాలు దానికి వెనుకాడతాయి. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను తోసిపుచ్చి, పరస్పర సహకార పద్ధతిలో నడిచే బీమాను అంగీకరించింది. ఈ సహకార పద్ధతికే తకాఫుల్ అని పేరు. మలేషియా 1984లోనే దీనికి చట్టం చేసినది. అయితే చదివే దేశపు చట్టమో విశ్వవిద్యాలయమో బీమాను తప్పనిసరి చేసినప్పుడు దానిని అవసరంగా పరిగణించి అనుమతించే ఉలేమాలు అనేకులు ఉన్నారు. సందేహం ఉన్నవారు దీనిని ప్రయాణానికి ముందే తేల్చుకొనుట మేలు. వెళ్ళిన తరువాత ఇదే సాకుతో బీమా లేకుండా ఉండిపోవడం ప్రమాదకరం.

దేశాల వారీగా నిబంధనలు

అమెరికాలో ఎఫ్-1 వీసా విద్యార్థికి ఆరోగ్య బీమా ఉండాలని కేంద్ర చట్టం ఎక్కడా నిర్బంధించదు. ఆ నిబంధన పెట్టేది విశ్వవిద్యాలయం. జె-1 వీసాకు మాత్రం కేంద్ర నిబంధన ఉన్నది. దాని ప్రకారం ఒక్కొక్క జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్లు, మృతదేహాన్ని స్వదేశం చేర్చడానికి 25,000 డాలర్లు, రోగిని స్వదేశానికి తరలించడానికి 50,000 డాలర్ల రక్షణ ఉండాలి. డిడక్టిబుల్ 500 డాలర్లకు మించరాదు. డిడక్టిబుల్ అనగా బీమా సంస్థ చెల్లింపు మొదలుపెట్టక ముందు రోగి తన జేబు నుండి కట్టుకోవలసిన మొత్తం. ఎఫ్-1 విద్యార్థికి కూడా ఈ అంకెలు మంచి కొలబద్దగా పనికివస్తాయి.

విశ్వవిద్యాలయం ఇచ్చే పాలసీ ఖరీదైనది. భారతదేశంలో కొన్న విద్యార్థి ప్రయాణ బీమా దానికంటే చాలా చవక. ఆ చవక పాలసీని చూపి విశ్వవిద్యాలయ పాలసీ నుండి మినహాయింపు కోరవచ్చును గాని, పాత జబ్బులకు, మానసిక చికిత్సకు, ప్రసూతికి రక్షణ ఉండాలన్న షరతులు పెట్టి చాలా విశ్వవిద్యాలయాలు తిరస్కరిస్తాయి. అప్పుడు రెండింటికీ డబ్బు కట్టినట్లవుతుంది. కాబట్టి మినహాయింపు షరతులను చదివిన తరువాతనే ఇక్కడ పాలసీ కొనవలెను. 1986 నాటి చట్టం ప్రకారం అమెరికా ఆస్పత్రుల అత్యవసర విభాగాలు డబ్బు లేదని రోగిని పంపివేయరాదు. పరీక్షించి, పరిస్థితిని స్థిమితపరచాలి. అయితే అది ఉచిత వైద్యం కాదు, బిల్లు తరువాత వస్తుంది. ఆస్పత్రి, వైద్యుడు, ప్రయోగశాల, అంబులెన్సు వేరువేరుగా పంపే బిల్లులు వారాల తరబడి వస్తూనే ఉంటాయి. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు లిఖితపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం ఉండాలని 2010 నాటి ఆరోగ్య చట్టం నిర్దేశిస్తున్నది. బిల్లు కట్టలేని విద్యార్థి ఆ దరఖాస్తును అడగవచ్చు. ఈ సంగతి తెలియక క్రెడిట్ కార్డులతో కట్టి అప్పులపాలైనవారు ఉన్నారు.

బ్రిటన్ పద్ధతి వేరు. వీసా దరఖాస్తుతో పాటే ఆరోగ్య సర్‌చార్జీ కట్టాలి. 2015లో 150 పౌండ్లుగా మొదలైన ఈ విద్యార్థి రుసుము 2024 ఫిబ్రవరి నుండి ఏడాదికి 776 పౌండ్లు అయినది. ఏడాదిపై మిగిలే కాలం ఆరు నెలలు లేక అంతకంటే తక్కువైతే సగం కట్టాలి. ఉదాహరణకు పదహారు నెలల వీసాకు 1,164 పౌండ్లు అవుతుంది. దీనితో జాతీయ ఆరోగ్య సేవలో చికిత్స లభిస్తుంది. అయితే మృతదేహాన్ని స్వదేశానికి పంపే ఖర్చు, సామాను నష్టం, చదువు మధ్యలో ఆగితే కలిగే నష్టం ఇందులో చేరవు. సర్‌చార్జీ కట్టాము గనుక వేరే బీమా అక్కరలేదనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఆస్ట్రేలియాలో విదేశీ విద్యార్థి ఆరోగ్య రక్షణ పాలసీ లేనిదే వీసా రాదు. ముందే ఉన్న శారీరక జబ్బులకు సాధారణంగా 12 నెలల నిరీక్షణ కాలం ఉంటుంది. జర్మనీలో ఆరోగ్య బీమా తప్పనిసరి. 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ బీమాలోని విద్యార్థి రాయితీ వర్తించదు. కెనడాలో రాష్ట్రానికొక పద్ధతి.

పాలసీలో చూడవలసినవి

బీమా పత్రంలో మొదటి పుటలోని పెద్ద అంకె కంటె చివరి పుటలలోని మినహాయింపులు ముఖ్యమైనవి. భారతీయ ప్రయాణ బీమాలలో యుద్ధం, ఆత్మహత్య, మద్యం మత్తులో జరిగిన ప్రమాదం, సాహస క్రీడలు, పాత జబ్బులు సాధారణంగా మినహాయింపబడతాయి. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం రాగా అక్కడ వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థులు ఇతర భారతీయ విద్యార్థులతో పాటు ఆపరేషన్ గంగ ద్వారా తిరిగి వచ్చారు. యుద్ధ నష్టాన్ని మినహాయించే పాలసీ అటువంటి సమయంలో అక్కరకు రాదు. ఆస్తమా, మధుమేహం వంటి వ్యాధులను దరఖాస్తులో దాచిపెడితే, తరువాత పాలసీ రద్దు కావడానికి అదే కారణమవుతుంది.

చదువు ముగిసిన రోజుల్లో ఒక ఖాళీ ఏర్పడుతుంది. విశ్వవిద్యాలయ పాలసీ డిగ్రీతో ముగుస్తుంది, ఉద్యోగపు బీమా ఇంకా రాదు. ఉద్యోగం వెదుకుచున్న ఆ నెలలలో అనేకులు బీమా లేకుండా ఉంటారు.

మృతదేహం తరలింపు అనే పంక్తిని తల్లిదండ్రులు అపశకునంగా భావించి చదవరు. చదవవలసిన పంక్తి అదే. శవపరీక్ష, ఎంబామింగ్, మరణ ధృవపత్రం, పాస్‌పోర్టు రద్దు, దౌత్య కార్యాలయపు నిరభ్యంతర పత్రం, విమాన రవాణా, ఇవన్నీ ఖర్చుతోనూ జాప్యంతోనూ కూడినవి. ఈ రక్షణ లేనప్పుడు, లేదా ఉన్నట్లు ఎవరికీ తెలియనప్పుడు స్నేహితులు ఇంటర్నెట్‌లో విరాళాలు పోగుచేస్తారు. అమెరికాలో తానా వంటి తెలుగు సంఘాలు ఇటువంటి సమయాల్లో ముందుకు వచ్చి సాయపడుచున్నాయి. విరాళం వచ్చేదాకా కుటుంబం ఎదురుచూడవలసిందే. త్వరగా ఖననం చేయాలన్న సంప్రదాయం గల కుటుంబాలు అక్కడే అంత్యక్రియలకు ఒప్పుకోవచ్చు. అందుచేత స్థానిక ఖననపు ఖర్చు కూడా పాలసీలో ఉన్నదో లేదో చూచుకొనవలెను.

విద్యా రుణం మరొక చిక్కు. 7.5 లక్షల రూపాయలు దాటిన రుణాలకు ప్రభుత్వరంగ బ్యాంకులు సాధారణంగా ఇంటినో స్థలాన్నో హామీగా అడుగుతాయి. విద్యార్థి మరణించినా సహ రుణగ్రహీత అయిన తండ్రి బాధ్యత పోదు. రుణానికి జతగా జీవిత బీమా ఉంటేనే ఇల్లు నిలుస్తుంది. ఆరోగ్య బీమా ఈ పని చేయదు.

సొంత జాగ్రత్త

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసాల కారణంగా మూతపడింది. అక్కడి విద్యార్థులలో అధికులు నాటి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందినవారు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరిట అమెరికా అధికారులే పన్నిన వలలో నిర్బంధితులైన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. వీసా హోదా పోయిన విద్యార్థికి విశ్వవిద్యాలయ బీమా కూడా నిలవదు. అనుమతి లేకుండా రాత్రివేళ పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పనిచేసేవారికి దోపిడీ ముప్పు ఉన్నది. పైగా దెబ్బ తగిలినా హోదా పోవునన్న భయంతో ఫిర్యాదు చేయలేరు. నీటి ప్రమాదాలు మరొక పెద్ద కారణం. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండులోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం వద్ద డండీలో చదువుతున్న ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగి మరణించారు. చలిదేశపు నీటిలో ఈత వచ్చినవారి అవయవాలు కూడా నిమిషాలలో కొయ్యబారిపోతాయి.

అత్యవసర సంఖ్యలు అమెరికా, కెనడాలలో 911, బ్రిటన్‌లో 999, ఐరోపా దేశాలలో 112, ఆస్ట్రేలియాలో 000. 2015లో ప్రారంభమైన మదద్ పోర్టల్‌లో విద్యార్థులు తమ వివరాలు నమోదు చేసుకొనవచ్చును. తగిన సందర్భాలలో దౌత్య కార్యాలయాలు 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి సహాయం చేస్తాయి.

ఫిర్యాదులు

భారతదేశంలో కొన్న పాలసీపై క్లెయిము తిరస్కరింపబడితే ముందుగా ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తి కలిగించకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాది లోపల ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు సంబంధించిన అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులో లక్డీకాపూల్ సమీపంలోని ఏ.సీ. గార్డ్స్‌లో ఉన్నది. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ కేంద్ర కార్యాలయం కూడా ఈ నగరంలోనే ఉన్నది. దాని బీమా భరోసా పోర్టల్ ద్వారా కూడా ఫిర్యాదు చేయవచ్చు. విద్యార్థి విదేశంలో ఉండగా యాకుత్‌పురాలోని తల్లిదండ్రులు ఈ పనులన్నీ చేయవలసి వస్తుంది గనుక పాలసీ సంఖ్య, బీమా సంస్థ సహాయ కేంద్రం ఫోను, పాస్‌పోర్టు నకలు, విద్యార్థి గదిలో ఉండేవారి ఫోను నంబర్లు ఇంట్లో ఒక కాగితంపై తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి ఉంచుట అవసరం.