లేని గుమ్మటము

రోము నగరములోని సంత్ ఇగ్నాట్సియో చర్చిలో నడిమి సాలవెంట నడచి తల యెత్తి చూచువారికి, లోతైన గుమ్మటమొకటి కనబడును. అందు వరుసగా స్తంభములు, కిటికీలు, గళ్లు గళ్లుగా తీర్చిన లోకప్పు, కొనను వెలుగు దిగు గూడు కలవు. వెలుపలికి వచ్చి చూచినచో కప్పుపై గుమ్మటమే లేదు!

జెస్యూట్ సంఘమువారు ఈ చర్చిని 1626లో ఆరంభించిరి. నిర్మాణభారము వహించినవాడు ఒరాజియో గ్రాస్సీ అను గణితాచార్యుడు. 1618 నాటి తోకచుక్కలను గూర్చి గెలీలియోతో వాదమునకు దిగినవాడితడే. తోకచుక్క చంద్రునికి ఆవలనున్న నిజమైన వస్తువని గ్రాస్సీ పక్షము. అది కాంతివలన కలుగు భ్రాంతి కావచ్చునని గెలీలియో శంక. ఈ విషయమున గ్రాస్సీ మాటయే సత్యమునకు దగ్గరగా నున్నది. అట్టివాని చర్చికి గుమ్మటము మాత్రము కాంతి భ్రాంతిగనే మిగిలినది. ధనము చాలక దానిని కట్టలేదని సాధారణముగా చెప్పుదురు.

వెలితిగానున్న ఆ చోటున 1685లో ఆంద్రెయా పోజ్జో చిత్రించిన గుండ్రని కాన్వాసు గుడ్డను బిగించిరి. దాని వెడల్పు సుమారు 17 మీటర్లు. పోజ్జో ఆ సంఘమునకే చెందిన సోదరుడు.

చదునైన గుడ్డపై లోతు ఎట్లు వచ్చినది? నిజమైన గుమ్మటమొకటి అచ్చట ఉన్నట్లు ఊహించి, అందలి ప్రతి బిందువునుండి చూపరి కంటివరకు ఒక గీత గీయవలెను. ఆ గీత గుడ్డను ఎచట తాకునో అచటనే ఆ బిందువును గుర్తింపవలెను. అప్పుడు గుడ్డనుండి వచ్చు కిరణములును, గుమ్మటమునుండి రావలసిన కిరణములును ఒకే దిక్కునుండి కంటిని చేరును. దగ్గరి వస్తువుల లోతును రెండు కన్నుల చూపును పోల్చి మెదడు పసిగట్టగలదు. కాని కన్నుల నడుమ ఎడము ఆరేడు సెంటీమీటర్లే గనుక, అంత ఎత్తున ఆ పోలిక అంతగా పనిచేయదు. చిత్రకారునికి ఇది పెద్ద సాయము.

అయితే ఈ లెక్క ఒక్క చోటికే సరిపడును. పోజ్జో ఆ చోటును గుమ్మటము క్రింద సరిగా నడుమ గాక, నడిమి సాలవైపు ఎంచుకొనెను. నేలపై ఒక చలువరాతి బిళ్ల దానిని చూపును. అచ్చట నిలిచినంతవరకు గుమ్మటము నిటారుగా నుండును; దాటి ముందుకు నడచినచో ఒరిగిపోవును.

స్తంభములను గోడనుండి పొడుచుకొని వచ్చిన రాతిమొనలపై నిలిపినందుకు కొందరు వాస్తుశిల్పులు ఆక్షేపించిరి. నిజముగా కట్టినచో అంత బరువు ఆగునా అని వారి ప్రశ్న. ఆ మొనలు విరిగిపడినచో నష్టమును తానే భరింతునని తన చిత్రకార మిత్రుడొకడు వారికి బదులిచ్చెనని పోజ్జో తన గ్రంథములో చమత్కారముగా వ్రాసెను. రెండు సంపుటములుగా 1693, 1700లలో వెలువడిన ఆ గ్రంథము ఈ గీతల విద్యను ఐరోపా అంతట వ్యాపింపజేసెను. పిమ్మట అతడు వియన్నాలోని జెస్యూట్ చర్చిలోను ఇట్టి గుమ్మటమునే చిత్రించెను.

రోములోని చిత్రము 1891లో తీవ్రముగా దెబ్బతినగా తరువాత బాగుచేసిరి. నేడు అది మసక చీకటిగా కనబడును. చీకటిలో గుడ్డ అంచు కానరాదు గనుక, భ్రాంతికి అదియు కొంత తోడ్పడుచున్నది.