ఇయర్‌ఫోనుకు శ్రుతి చేసిన కథ

కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు వాద్యపు ఎడమ మూతపై తడిపిన రవ్వముద్దను అద్దుతాడు. తట్టి చూసి, నాదం తేలికగా వుంటే మరికొంత చేరుస్తాడు; మరీ మందగిస్తే కొంత గీకివేస్తాడు. కుడి మూతపై శాశ్వతంగా వుండే నల్లని కరణి వల్లనే ఆ వాద్యంలో ఒకదానితో ఒకటి పొసగే స్వరాలు పుట్టుతున్నవని సి. వి. రామన్, శివకాళీ కుమార్‌తో కలసి, 1920లో వివరించాడు. కంపించే పొర ఒకటి. దాని కంపనాలను అదుపులో పెట్టే పిడికెడు పదార్థం మరొకటి. శ్రుతి చేయడమంటే యీ రెండింటికి పొత్తు కుదర్చడమే.

నాలుగైదు వందల రూపాయలకు దొరికే, చెవి రంధ్రంలో అమర్చుకొనే ఇయర్‌ఫోనును కొని, దానిపై కాగితపు టేపు ముక్క అంటించియో, దాని మూతిలో స్పాంజి తునక ఇమిడ్చియో ధ్వనిని తమకు నచ్చినట్లు సరిదిద్దుకొనే యువకులు నేడు చాలామంది కలరు. చూచేవారికి యిది పనిలేనివారి ఆటగా తోచవచ్చు. కాని ఆ టేపు ముక్క వెనుక సుమారు నూట యేబది సంవత్సరాల శాస్త్ర చరిత్ర వున్నది. ఆ చరిత్రలో పెద్ద భాగం వినికిడి లేనివారి కోసం పాటుపడినవారిది కావడం విశేషం.

టెలిఫోనును సృష్టించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ వృత్తిరీత్యా బధిరుల ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి చాలా తక్కువ. ఆయన వివాహమాడిన మేబెల్ హబ్బర్డ్ బాల్యంలో స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడిని పూర్తిగా కోల్పోయింది. మాటల కంపనాలను కంటికి కనిపించేటట్లు చేస్తే బధిరులు మాట్లాడడం నేర్చుకొనగలరని బెల్ ఆశ. 1874లో బోస్టన్ నగరపు చెవి వైద్యుడు క్లారెన్స్ బ్లేక్ సలహాపై ఆయన ఒక మృతుని చెవినే పరికరంగా అమర్చాడు. చెవిలోని ఎముకకు గడ్డిపోచ కట్టి, కర్ణభేరి ఎదుట మాట్లాడితే, మసిపూసిన గాజుపలకపై ఆ పోచ గీతలు గీచినది. కాగితం వలె పలుచనైన పొర తనకంటె ఎంతో బరువైన ఎముకలను కదల్చడం చూసి బెల్ ఆశ్చర్యపడ్డాడు. అటువంటి పొర ఇనుప ముక్కను మాత్రం ఏల కదల్చలేదు? ఈ ఆలోచన 1876లో టెలిఫోనుగా ఫలించినది. అనగా, చెవికి పెట్టుకొనే యంత్రానికి మొదటి నమూనా చెవియే.

కాని ఆ తొలి రిసీవరులో గట్టి లోపం ఒకటి వుండినది. గుండ్రని ఇనుప రేకుకు స్వంత స్వరం కలదు. గంటను ఎక్కడ కొట్టినా తన స్వరమే పలికినట్లు, ఆ రేకు సెకనుకు సుమారు 1,000 కంపనాల వద్ద మితిమీరి స్పందించేది. దీనినే అనునాదం అంటారు. మాట అర్థమయ్యేది, కంఠం మాత్రం డబ్బాలో నుంచి వచ్చినట్లుండేది. 1891లో ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియే రెండు చెవులలోను ఇమిడే చిన్న రిసీవర్లకు అమెరికాలో పేటెంటు పొందాడు. చెవికి ఒరుసుకొనకుండా, బయటి చప్పుడు లోనికి రాకుండా వాటికి రబ్బరు తొడుగులు వేశాడు. నేటి ఇయర్‌ఫోను ఆకారం ఆనాడే రూపొందినది. లోపించినది ఆకారం కాదు, ధ్వనిని లెక్క కట్టే విద్య.

ఆ విద్యకు దారి తీసినవారు భౌతిక శాస్త్రజ్ఞులు. 1912లో ఆర్థర్ కెన్నెలీ, జార్జి పియర్స్ అనే ఇద్దరు, రిసీవరు రేకు కదలిక దాని తీగచుట్టలోని విద్యుత్తుపై ఎట్లు ప్రభావం చూపుతున్నదో కొలిచారు. 1914లో ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ ధ్వని అవరోధం అనే భావాన్ని ప్రతిపాదించి, 1919లో ప్రచురించాడు. విద్యుత్ వలయాలకు వాడే గణితమే గాలికి కూడ వర్తిస్తుందన్నది దీని సారాంశం.

ఈ సంగతి కొంచెం విపులంగా తెలిసికొనడం అవసరం. చిన్న గదిలో బంధించిన గాలి స్ప్రింగువంటిది. నొక్కితే ఎదురు తిరుగుతుంది. సన్నని గొట్టంలోని గాలి బరువువంటిది; కదల్చడం కష్టం, కదిలితే ఆపడం కష్టం. ఖాళీ సీసా మూతిపై ఊదినపుడు వచ్చే మోత యీ రెండూ కలసి పుట్టించినదే: సీసా కడుపులోని గాలి స్ప్రింగు, మెడలోని గాలి బరువు. ఇక మూడవది గుడ్డ. ఆ సీసా మూతికి పలుచని గుడ్డ కట్టి ఊదితే మోత అణగిపోతుంది. గుడ్డ దారాల సందులలో ఒరుసుకొని గాలి తన శక్తిని కోల్పోవడమే యిందుకు కారణం. గది, గొట్టం, గుడ్డ - ఈ మూడింటితో ఏ అనునాదాన్నైనా స్థానం మార్చవచ్చు, ఎత్తు తగ్గించవచ్చు. 1931లో బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన ఎడ్వర్డ్ వెంటె, ఆల్బర్ట్ థురాస్ ప్రకటించిన తీగచుట్ట రిసీవర్లు, మైకులు యీ సూత్రాల ఆధారంగా రూపొందినవే. ఇట్లు ధ్వనిని చక్కదిద్దే పని లోహం నుంచి గాలికి మారినది.

అయితే గాలిని లెక్కించేటప్పుడు రిసీవరులోని గాలిని మాత్రమే లెక్కిస్తే చాలదు. రిసీవరుకు, కర్ణభేరికి మధ్య చెవిగొట్టంలో కూడ గాలి వున్నది. చెవిగొట్టం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. ఒక చివర తెరచి, రెండవ చివర కర్ణభేరితో మూసివున్న గొట్టం గనుక, వేణువు వలె దానికీ స్వంత స్వరం కలదు. లెక్క ప్రకారం అది సెకనుకు సుమారు 3,500 కంపనాలు. బయటి చెవి దొప్ప మొదలైనవి కలియడం వల్ల నిజానికి 3,000కు కొంత దిగువన వుంటుంది. ఫ్రాన్సిస్ వీనర్, డగ్లస్ రాస్ 1946లో మనుషుల చెవులలో సన్నని గొట్టాలు చొప్పించి కొలిచి, యీ ప్రాంతపు ధ్వని బయట వున్నదానికంటె కర్ణభేరి వద్ద ఎంతో బలంగా వుంటున్నదని చూపించారు. పుట్టినది మొదలు మనిషి విన్న ప్రతి మాట, ప్రతి పాట యీ పెంపుదలతోనే వింటాడు. అదే అతనికి సహజమైన ధ్వని.

ఇక ఇయర్‌ఫోను పెట్టుకొన్నపుడు ఏమి జరుగుతుంది? తెరచివున్న చివర మూసుకొనిపోతుంది. వేణువు రంధ్రం మూసినట్లు, చెవి తన సహజ స్వరాన్ని కోల్పోతుంది. ఆ స్థానంలో రెండు చివరలూ మూసిన గొట్టపు కొత్త స్వరం పుట్టుతుంది. ఇయర్‌ఫోను మూతికి, కర్ణభేరికి మధ్య 20 మిల్లీమీటర్లు మిగిలివుంటే అది 8,700 కంపనాల ప్రాంతంలో పడుతుంది. కావున మంచి ఇయర్‌ఫోను రెండు పనులు చేయాలి: చెవి కోల్పోయిన పెంపుదలను 3,000 ప్రాంతంలో తిరిగి యివ్వాలి, అక్కరలేని కొత్త స్వరాన్ని అణచాలి. మొదటిది చేయకపోతే గాయకుని కంఠం దూరంగా, మూసుకుపోయినట్లు వినిపిస్తుంది. రెండవది చేయకపోతే తాళాల చప్పుడు, సకారాలు సూదులవలె గుచ్చుతవి.

దీనిని కొలవడానికి కృత్రిమమైన చెవి కావలసి వచ్చినది. 1942లో ఫ్రాంక్ రొమానౌ వినికిడి యంత్రాల పరీక్షకు 2 ఘనపు సెంటీమీటర్ల లోహపు గదిని వాడే పద్ధతిని వివరించాడు. అది సులభమైనది, ఎక్కడ చేసినా ఒకే ఫలితం యిచ్చేది. కాని నిజమైన చెవిని పోలినది కాదు. ఆ గదిలో బాగున్న యంత్రం రోగి చెవిలో కటువుగా పలికేది. 1970లో జోసెఫ్ జ్విస్లాకీ, పెక్కు చిన్న శాఖలు గల గదితో నిజమైన చెవి స్వభావాన్ని అనుకరించే ఉపకరణాన్ని రూపొందించాడు. ఇటువంటి ఉపకరణానికే 1981లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినది.

ఈ జ్ఞానాన్నంతా ముందుగా వాడుకొన్నది వినికిడి యంత్రాల శాఖయే. చెవి వెనుక వుండే యంత్రం నుంచి చెవిలోనికి పోయే సన్నని గొట్టంలో అనునాదాలు పుట్టి కీచుమని మోగేవి. వాటిని అణచడానికి ఆ రోజులలో గొట్టంలో గొర్రె ఉన్ని పోగులు కూరేవారు. తరువాత నిరోధాన్ని లెక్కకట్టి, రంగులతో గుర్తించిన చిన్న జల్లెడ బిళ్ళలు వచ్చినవి. మీడ్ కిలియన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1979లో నార్త్‌వెస్టరన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథంలో, గొట్టాలను, బిళ్ళలను సక్రమంగా అమర్చితే వినికిడి యంత్రం కూడ సంగీతాన్ని యథాతథంగా వినిపించగలదని నిరూపించాడు. ఆయన 1983లో ఎటిమోటిక్ రిసెర్చ్ అనే సంస్థను స్థాపించాడు. అది 1991లో సంగీత ప్రియుల కోసం ఇ.ఆర్.-4 అనే ఇయర్‌ఫోనును వెలువరించినది. దాని మూతిలోని ఆకుపచ్చని బిళ్ళ మాసిపోతే వాడుకరియే తీసి మార్చుకొనవచ్చు. బధిరుల కోసం పుట్టిన విద్య చెవులు బాగున్నవారికి యీ విధంగా అందినది.

కాని ధర సామాన్యులకు అందలేదు. వారికి దక్కినవి చేతి రేడియోలతోను, తరువాత సెల్‌ఫోన్లతోను వచ్చిన చవుక రకాలే. వాటిలో లోపమేమి? తీగచుట్ట, అయస్కాంతం, పలుచని ప్లాస్టిక్ పొర యెప్పుడో చవుక అయినవి. ఎక్కువగా లోపించినది గాలిని అమర్చడంలో శ్రద్ధ. 2017లో యెరూన్ బ్రేబార్ట్ 283 రకాల హెడ్‌ఫోనులను, ఇయర్‌ఫోనులను కొలిచి, వాటి ధ్వని తీరుకు, అమ్మకపు ధరకు సంబంధం కనిపించలేదని ప్రకటించాడు. అంతకు కొన్నేండ్ల ముందు నుంచి షాన్ ఓలివ్, ఆయన సహచరులు హర్మన్ సంస్థలో, సామాన్య శ్రోతలకు ఎటువంటి ధ్వని నచ్చుతుందో పరీక్షించి ఒక గీతగా గీచి చూపారు. ఆ గీతలోను 3,000 ప్రాంతపు ఎత్తు వున్నది. గురి ఏమిటో అందరికీ తెలిసినది; గురికి చేర్చే గుడ్డముక్క ఖరీదు స్వల్పం. అందువలన చవుక ఇయర్‌ఫోను కొన్నవాడు తానే దానిని సరిదిద్దుకొనే అవకాశం కలిగినది.

అతడు చేసే పనులు నాలుగు. మొదటిది చెవి తొడుగు. అది వదులుగా వుంటే గాలి పక్కనుంచి జారిపోయి, మంద్రస్వరాలు మాయమవుతవి. పాట వింటూ ఇయర్‌ఫోనును మెల్లగా నొక్కి చూడాలి; మృదంగపు గుమికి అప్పుడు బలం వస్తే తొడుగు సరిపోలేదన్నమాట. చెవికి తగిన తొడుగును ఎన్నుకొనడం కంటె చవుకైన, మేలైన మార్పు లేదు.

రెండవది రంధ్రాలు. చాలా రకాలలో పొరకు ముందు ఒకటి, వెనుక ఒకటి సూదిమొన అంత రంధ్రాలు వుంటవి. ముందు రంధ్రంపై టేపు అంటిస్తే గాలి జారదు, మంద్రస్వరాలు పెరుగుతవి. వెనుక రంధ్రాన్ని మూస్తే లోపలి గాలి బిగిసిన స్ప్రింగు వలె పొరను అడ్డగిస్తుంది. మంద్రస్వరాలు సాధారణంగా తగ్గుతవి. గాయాలకు వేసే కాగితపు టేపుకు సన్నని సందులు వుండుటచే అది పూర్తిగా మూయదు, పూర్తిగా విడువదు. మార్పు కొద్దిగానే కావలసినవారు దానిని వాడుతారు.

మూడవది మూతిలో గుడ్డ లేదా స్పాంజి. ఇది సీసా మూతికి కట్టిన గుడ్డవంటిదే; గుచ్చుకొనే తారస్వరాలను అణచుతుంది. ఎక్కువైతే పాట కంబళి కప్పుకొన్నట్లవుతుంది. నాలుగవది లోతు. 20 మిల్లీమీటర్ల గాలిని 15కు తగ్గిస్తే, 8,700 వద్ద వున్న కొత్త స్వరం సుమారు 11,600కు పోతుంది. చెవికి దాని బాధ తగ్గుతుంది. ఒకే ఇయర్‌ఫోను ఇద్దరికి రెండు రకాలుగా వినిపించడానికి ఇది ఒక కారణం.

ఈ పనులకు హద్దులు లేకపోలేదు. పొరయే వంగి బరబరమంటే ఏ గుడ్డా దానిని బాగుచేయలేదు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది ఫలించినదో తెలియదు. ఒక చెవివైపు చేసిన మార్పును రెండవవైపు అచ్చంగా చేయకపోతే పాట ఒక ప్రక్కకు ఒరుగుతుంది. లోపల ఇమిడ్చిన తునక ఊడి చెవిలో పడకుండా జాల వెనుక వుంచాలి. పొరపాటున పడితే పుల్లలతో కెలకక వైద్యుని చూడాలి.

అన్నింటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి. వదులు తొడుగుతో బస్సులో ప్రయాణించేవాడు ఇంజను మోతను మించడానికి ధ్వనిని పెంచుతాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలసి వెలువరించిన ప్రమాణం ప్రకారం, పెద్దలు వారానికి 40 గంటలు వినడానికి 80 డెసిబెల్‌లు హద్దు, పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు వినదగిన కాలం సగమవుతుంది. 80 వద్ద 40 గంటలైతే 89 వద్ద 5 గంటలు మాత్రమే. లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. చెవికి సరిగా అమరి, కీచుమనని ఇయర్‌ఫోనును తక్కువ ధ్వనితోనే హాయిగా వినవచ్చు. కావున శ్రుతి చేయడం వినోదం కోసమే కాదు, వినికిడి రక్షణ కోసం కూడ.

వినికిడి లేని విద్యార్థుల కోసం బెల్ మృతుని చెవికి గడ్డిపోచ కట్టిన నాటినుంచి నేటి టేపు ముక్క వరకు జరిగినదంతా అంగుళం పొడవు గల చెవిగొట్టపు గాలిని అర్థం చేసుకొనే ప్రయత్నమే. వినలేనివారు యిచ్చిన ఆ విద్యను వినగలవారు తమ వినికిడిని కాపాడుకొనడానికి వాడుకొనడమే దానికి చెల్లించవలసిన వెల.