భూదానంలో ఊరి మాట

మన సంఘ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, రెవెన్యూ శాఖలో గుమాస్తాగా నేను మోసిన ఫైళ్లలో ఒకటి గుర్తుకు వచ్చింది. అది భూదానానికి సంబంధించినది.

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకొని, ఆచార్య వినోబా భావే కాలినడకన నాటి నల్లగొండ జిల్లాలో ప్రవేశించారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగారు. అది సాయుధ పోరాటం ఇంకా చల్లారని కాలం. అక్కడి దళితవాడకు వెళ్లి, మీకేం కావాలని అడిగారు. బ్రతకడానికి భూమి కావాలన్నారు వారు. ఎంత అని అడిగితే, తమలో తాము మాట్లాడుకొని, నలభై కుటుంబాలకు 80 ఎకరాలు, సగం తరి, సగం ఖుష్కి అని లెక్క చెప్పారు. వినోబాజీ ఆ మాటను ఊరివారి ముందు పెట్టగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఇచ్చినవారి పేరు మనమందరం చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కానీ ఎంత కావాలో తేల్చింది పుచ్చుకునేవారు అన్న సంగతి మరచిపోతాం.

ఉద్యమం పెరిగాక పంపకానికి పెట్టుకున్న నియమాలలోనూ ఇదే స్ఫూర్తి ఉంది. ముందుగా ఊరికి కబురు చేసి, నలుగురి ఎదుట సభ పెట్టాలి. ఎక్కువ అవసరం ఎవరికో భూమిలేనివారే తేల్చుకోవాలి. ఒప్పుదల కుదరకపోతే చీట్లు వేయాలి. ఆ తరువాత గ్రామదానం వచ్చింది. 1952లో ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోఠ్ మొదటి గ్రామదాన గ్రామం. అందులో భూమి హక్కు గ్రామసభది; వయసు వచ్చిన ప్రతివారూ సభ్యులే; తీర్మానం ఓట్ల లెక్కతో కాక అందరి సమ్మతితో జరగాలి. మన రాష్ట్రంలో 1965లో భూదాన, గ్రామదాన చట్టం కూడా వచ్చింది.

అనుకున్న గురి అయిదు కోట్ల ఎకరాలు. దేశమంతటా వాగ్దానంగా వచ్చినది నలభై లక్షలు దాటింది. పంచినది అందులో కొంత భాగమే. సభలు తగ్గి కాగితాలు పెరిగినచోటనే చిక్కు వచ్చిందని నా అనుభవం.

1970ల చివర ఒక తాలూకా కచేరీలో నేను కొత్త గుమాస్తాను. ఒక ముసలాయన పట్టా కాగితం పట్టుకొని వచ్చాడు. సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, ముద్ర ఉంది. "సారూ, ఇది భూమి గాదు, గుట్ట. నాగలి దిగదు" అన్నాడు. రికార్డులో సాగుకు యోగ్యమని రాసి ఉందన్నాను. "మా ఊర్ల ఎవరినడిగినా గుట్టని చెప్తుండె. ఎవ్వరు అడగకపోయిరి" అన్నాడు. నోట్ రాసి పైకి పంపాను. నివేదిక కోరుతూ అది తిరిగి వచ్చింది. మళ్లీ పంపాను. ఇంతలో నాకు బదిలీ అయింది. ఆ ఊరు కచేరీకి ఆరు మైళ్లు. ఒక ఆదివారం సైకిలు మీద వెళ్లి చూసి రావచ్చు. వెళ్లలేదు. ఆ తప్పు నాది కూడా.

అడిగి నడిపితే ఏమవుతుందో చెప్పడానికి మన పొరుగునే ఒక ఊరుంది. గడ్చిరోలి జిల్లాలోని మేంఢా గోండు గూడెం. అక్కడ ఏ పనైనా అందరూ కూర్చొని, అందరూ ఒప్పుకున్నాకే చేస్తారు. 2009లో అడవిపై సామూహిక హక్కు సాధించుకున్నారు. 2013లో తమ భూములన్నీ గ్రామసభ పేర ఉంచాలని నిశ్చయించుకున్నారు. పోచంపల్లిలో మొలిచిన విత్తనం అరవై ఏళ్ల తరువాత అక్కడ కాయ కాసింది.

మన సంఘంలోనూ సంక్షేమనిధి ఉంది. కష్టంలో ఉన్న సభ్యునికో, భర్తను పోగొట్టుకున్న కుటుంబ పింఛనుదారుకో సాయం చేస్తున్నాం. సంతోషం. కాని ఈ ఏడు సర్వసభ్య సమావేశంలో నిధి విషయం వచ్చినప్పుడు, ఆ సాయం అందుకున్న సోదరీమణులను కూడా వేదిక ముందు వరుసలో కూర్చోబెట్టి, ఏం కావాలో, ఎంత కావాలో ముందు వారినే అడుగుదామని నా మనవి. ఆ ముసలాయన మాట ఇన్నేళ్లకైనా ఒకచోట వినబడినట్లు అవుతుంది.