అబుయేలా అంటే అమ్మమ్మా, నాయనమ్మా?

మా నాన్న తరఫువాళ్ళు రాయించిన వంశవృక్షం ఒకటుంది. ఏడు తరాల మగవాళ్ళ పేర్లు వరసగా కనిపిస్తాయి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ‘భార్య’, ‘ఇద్దరు కుమార్తెలు’ అని ఊరుకున్నారు. పోనీ అమ్మ వైపు నేనే రాద్దామని కూర్చున్నాను. అమ్మ తన తల్లి పేరూ, అమ్మమ్మ పేరూ చెప్పింది. ఆ అమ్మమ్మ తల్లి పేరడిగితే, “ముసలమ్మ అనేవాళ్ళం, పేరెవరికి తెలుసు?” అంది. మూడో మెట్టు దగ్గరే దారి మూసుకుపోయింది.

ఇంటిపేరు మగవాడి వెంట నడుస్తుంది. మన ఒంట్లో మాత్రం తల్లి వెంటే నడిచేది ఒకటుంది. కణంలో కేంద్రకానికి బయట, మైటోకాండ్రియాలో ఉండే చిన్న డిఎన్ఏ పోగు అది. తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది. కొడుకు దగ్గర ఆగిపోతుంది, కూతురు తన పిల్లలకు అందిస్తుంది. ఇవాళ ఉమ్మి పంపి డబ్బు కడితే మీ పూర్వీకులెవరో చెబుతామంటున్నాయి కంపెనీలు. (మన దేశంలో ఈ సరదా ఎవరి కులాన్ని ఎవరు తేల్చడం దాకా పోతుందోనని నాకు భయమే.) కానీ తప్పిపోయిన కుటుంబాన్ని వెతకడానికి ఈ శాస్త్రం పనికొచ్చేలా చేసింది కంపెనీలు కాదు, అర్జెంటీనాలో కొందరు వయసు మళ్ళిన ఆడవాళ్ళు.

1976 మార్చిలో అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1983 దాకా సాగిన ఆ పాలనలో వేలమంది మాయమయ్యారు. పట్టుబడిన గర్భిణులను రహస్య నిర్బంధ కేంద్రాల్లో కాన్పు అయ్యేదాకా బతకనిచ్చి, ఆ తర్వాత చంపేశారు. బిడ్డలు చాలావరకు సైన్యం, పోలీసు కుటుంబాలకో, వాళ్ళకు కావలసినవాళ్ళకో చేరారు. అలాంటి బిడ్డలు 500 మంది దాకా ఉంటారని అంచనా. 1977లో వాళ్ళ అవ్వలు కలిసి ‘ప్లాసా దె మాయో అబుయేలాలు’గా ఏర్పడ్డారు.

వాళ్ళ ప్రశ్న చాలా సూటిది. బిడ్డ ఫలానావారిదని తేల్చాలంటే తల్లిదండ్రుల నెత్తురు కావాలి. తల్లీ లేదు, తండ్రీ లేడు. నా నెత్తురు చాలదా? ఈ ప్రశ్న పట్టుకుని 1980ల మొదట్లో అమెరికా వెళ్ళి శాస్త్రవేత్తలను నిలదీశారు. జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 1984లో వాళ్ళతో పని మొదలుపెట్టింది. ఆ ఏడాదే పావులా లొగారెస్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల, నెత్తురు పరీక్ష సాక్ష్యంతో, ఒక పోలీసు అధికారి ఇంటి నుంచి అమ్మమ్మ దగ్గరికి చేరింది. మైటోకాండ్రియా డిఎన్ఏ ఆ తర్వాత వాడుకలోకి వచ్చింది. 1987లో చట్టం చేసి జాతీయ జన్యు సమాచార బ్యాంకు పెట్టారు.

స్పానిష్‌లో అబుయేలా అంటే అమ్మమ్మా, నాయనమ్మా కూడా. మనకు రెండు మాటలున్నాయి కాబట్టి ఇక్కడొక తేడా చప్పున తెలుస్తుంది. ఎస్తెలా కార్లొత్తో అమ్మమ్మ. నిర్బంధంలో కాన్పయి, 1978లో హత్యకు గురైన లౌరాకు తల్లి. ఆమె మనవడు తనంతట తానే పరీక్ష చేయించుకుని 2014లో దొరికాడు. సంస్థ స్థాపకుల్లో ఒకరైన చిచా మరియాని నాయనమ్మ. ఆమె మైటోకాండ్రియా డిఎన్ఏ కొడుకు దగ్గరే ఆగిపోయింది. మనవరాలిని ఆనవాలు పట్టాలంటే కోడలి వైపు ఆడవాళ్ళది కావాలి, లేదా కేంద్రకంలోని డిఎన్ఏ చూడాలి. అందుకే బ్యాంకులో ఇరువైపుల కుటుంబాలవీ దాచారు.

నన్ను ఇబ్బంది పెట్టే సంగతి వేరే ఉంది. దొంగిలించిన బిడ్డగా అనుమానించిన ఒక యువతి, పెంచినవాళ్ళకు వ్యతిరేకంగా నా నెత్తురు సాక్ష్యం కాకూడదంది. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఆమెను బలవంతపెట్టకూడదని తీర్పిచ్చింది. 2009లో చేసిన చట్టం, నెత్తురివ్వనివాళ్ళ వాడుక వస్తువుల నుంచి నమూనా తీసే వీలు కల్పించింది. నా శరీరం నాది అనే మాట కోసం ఇన్నేళ్ళు మాట్లాడినదాన్ని, ఆ యువతిని తప్పుపట్టలేను. తన కూతురు ఎక్కడ కన్నదో, ఎవరెత్తుకెళ్ళారో తెలియక పాతికేళ్ళు తిరిగిన అవ్వకు ఆ మాట అప్పజెప్పనూ లేను. నేరం జరిగింది ఆ యువతి మీద కూడా. దాని సాక్ష్యం మాత్రం ఆమె ఒంట్లోనే మిగిలింది.

2025 జులైలో 140వ మనుమడి ఆచూకీ ప్రకటించారు. చిచా మనవరాలు క్లారా అనాయిని 1976 నవంబరులో, మూడు నెలల పసికందుగా, లా ప్లాతాలోని ఇంటి మీద దాడి చేసి ఎత్తుకెళ్ళారు. 2015 డిసెంబరులో ఆమె దొరికిందని వార్త వచ్చింది. ఆ వచ్చినామెను చిచా కావలించుకుంది కూడా. మర్నాటికల్లా బ్యాంకు, డిఎన్ఏ కలవలేదని చెప్పింది. 2018 ఆగస్టులో, 94 ఏళ్ళ వయసులో, చిచా పోయింది.