నిశానీ: వేలిముద్రల ఇల్మ్, మన గుంటూరు సీమ

మన ఇళ్ళల్లో చదువు రానోళ్ళని ‘అంగూఠా ఛాప్’ అని ఎగతాళి చేస్తారు. మన గుంటూరు, ఒంగోలు పల్లెల్లో ముస్లిములే కాదు, అందరూ దాన్ని ‘నిశానీ’ అనే అంటారు. ఉర్దూ మాట తెలుగులో అంతగా కలిసిపోయింది. మా దాదీమా నికాహ్ సియాహాలో దస్తఖత్ చోట ఉన్నది నల్లటి బొటనవేలి ముద్రే. ఆమె తన పేరు రాయలేదు గానీ, ఆ ముద్ర ఆమె పేరు కంటే గట్టి గవాహీ. ఆ పేరు గల ఆడవాళ్ళు ఊళ్ళో నలుగురుండొచ్చు. ఆ ముద్ర మాత్రం ఇంకొకరికి ఉండదు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, నరసరావుపేటలో మా భాంజీ ఇంటర్ బైపీసీ అయిపోయి, ఫోరెన్సిక్ సైన్స్ చదువుతానని కూర్చుంది. ఖాందాన్ మొత్తానికి ఫోన్లు. “మయ్యిత్‌లని కోసే చదువు ఆడపిల్లకెందుకురా?” అని మా ఫుప్పు. పోస్ట్‌మార్టం చేసేది డాక్టర్లు ఫుప్పూ, వీళ్ళు ల్యాబ్‌లో రక్తం మరకలూ, విషాలూ, వేలిముద్రలూ, దస్తావేజుల మీద రాతలూ పరీక్ష చేసేవాళ్ళు అని చెప్పా. “పోలీసోళ్ళ చదువే కదా, మనకెందుకు?” అని మా మామూ. నాకు అసలు జవాబు చెప్పాలనిపించింది ఈ రెండో సవాలుకే. ఈ ఇల్మ్ తారీఖ్‌లో మన పేర్లు రెండు వైపులా ఉన్నాయి.

వేలిముద్రలతో మనిషిని గుర్తుపట్టే పద్ధతిని ప్రపంచమంతా ‘హెన్రీ సిస్టమ్’ అంటుంది. ఎడ్వర్డ్ హెన్రీ బెంగాల్ పోలీసుకు ఇన్‌స్పెక్టర్ జనరల్. అయితే ఆ పద్ధతికి లెక్క కట్టినవాడు ఖాజీ అజీజుల్ హక్. 1872లో ఖుల్నా ఇలాకాలో పుట్టాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చదువుతుంటే హెన్రీ పనిలోకి తీసుకున్నాడు. ఆయనతోపాటు హేమచంద్ర బోస్ అనే మరో కుర్రాడు కూడా అక్కడ పని చేశాడు.

అప్పటి చిక్కు ఏమిటంటే, ముద్రలు తీసుకోవడం సులువే. ముప్పై ఏళ్ళకు పైగా ముందే హెర్షెల్ దొర హుగ్లీ దగ్గర కాంట్రాక్టుల మీద అరచేతి అచ్చులు వేయించుకున్నాడు. కానీ లక్ష కాగితాలున్న అల్మారాలో ఒక మనిషి కాగితం వెతికి తీయడం ఎలా? ఇక్కడే హక్ సాబ్ బుర్ర పనిచేసింది. మన చిన్నప్పుడు వేళ్ళు చూసి ‘శంఖం, చక్రం’ అని లెక్కపెట్టేవాళ్ళు గుర్తుందా? దాదాపు అదే. పది వేళ్ళని ఐదు జతలు చేశాడు. మొదటి జతలో సుడి, అంటే చక్రం, ఉంటే 16, రెండో జతలో 8, తర్వాత 4, 2, 1. సుడి లేకపోతే సున్నా. జతలో ఒక వేలి విలువలన్నీ పైన, రెండో వేలివి కింద కూడి, రెండింటికీ ఒకటి చొప్పున కలిపితే ఒక భిన్నం వస్తుంది. ఒక్క సుడీ లేనివాడిది ఒకటి బై ఒకటి. పది వేళ్ళకీ సుడులున్నవాడిది 32 బై 32. అంటే 32 ఇంటూ 32, మొత్తం 1024 గూళ్ళు. వచ్చిన మనిషి వేళ్ళు చూసి తిన్నగా ఆ గూటికి పోవచ్చు. కంప్యూటర్ లేని రోజుల్లో ఇది ఎంత పెద్ద పనో మీరే ఆలోచించండి.

1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది. మరుసటి ఏడు జల్పాయ్‌గురి టీతోటలో ఒక మేనేజర్ ఖతల్ జరిగింది. అక్కడ దొరికిన బెంగాలీ పంచాంగం మీది మరక, బ్యూరోలో పాత నౌకరు ముద్రతో కలిసింది. అదాలత్ అతనికి దొంగతనం కింద శిక్ష వేసింది గానీ, ఖతల్ జుర్మ్ మోపలేదు. ముద్ర అక్కడ చేయి పడిందని మాత్రమే చెబుతుంది, ఆ చేయి ఏం చేసిందో చెప్పదు. ఆ జడ్జీల తెలివి నాకు నచ్చింది.

1901లో హెన్రీ స్కాట్లాండ్ యార్డ్‌కు పోయాడు, పేరు ఆయనతోపాటే పోయింది. అజీజుల్ హక్‌కి ఖాన్ బహాదూర్ ఖితాబు, అయిదు వేల రూపాయల ఇనామ్ వచ్చాయి. 1926లో హెన్రీయే, నా దగ్గర పనిచేసినవాళ్ళలో ఈ వర్గీకరణకి ఎక్కువ తోడ్పడింది ఇతనేనని ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. హక్ సాబ్ 1935లో బిహార్‌లోని మోతిహారీలో గుజర్ గయా. ఈ మధ్య బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ హక్, బోస్‌ల పేర్లు కలిపి ఒక అవార్డు పెట్టింది. సిస్టమ్ పేరు మాత్రం ఇంకా హెన్రీదే.

ఇంతవరకూ చెబితే మా మామూ ముఖం వెలిగింది. మన కౌమ్‌వాడు కనిపెట్టాడంట! నిజమే మామూ, కానీ ఆ లెక్క మన జిల్లాకి ఏ రూపంలో వచ్చిందో కూడా వినాలి.

బాపట్లకీ చీరాలకీ మధ్య రైలు కిటికీలోంచి కనిపించే ఊరు స్టువర్టుపురం. సినిమాల వల్ల ఆ పేరు వినగానే జనానికి దొంగలే గుర్తొస్తారు. ఆ ఊరు పుట్టింది సర్కారు ఫర్మానాతో. 1871లో ఉత్తరాదికి చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మార్చి మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఉర్దూలో అలాంటి కౌమ్‌లకి ‘జరాయం పేషా’ అని పేరు పెట్టారు, అంటే జుర్మే వృత్తి అని. పుట్టిన పసిబిడ్డకి కూడా అదే ముద్ర. మన వైపు ఎరుకల వాళ్ళు ఆ జాబితాలో పడ్డారు. వీళ్ళెవరు? ఎడ్ల మీద ఉప్పు వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి లోపలి ఊళ్ళకి మోసుకుపోయి, ధాన్యం మార్చుకునే తాజిర్లు. ఉప్పు మీద సర్కారు పట్టు, ఆ తర్వాత రైలు కలిసి వాళ్ళ రోజీ కొట్టేశాయి. తిరిగే వర్తకుడి రోజీ పోయాక మిగిలింది తిరగడమే. తిరిగేవాడంటే సర్కారుకి షక్.

సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి ఇచ్చి, మద్రాస్ సర్కారులోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద ఆ సెటిల్‌మెంట్ పెట్టారు. హాజరీ వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాస్ కావాలి. చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీలో వాళ్ళని పనికి పెట్టారు. రిజిస్టర్‌లో పేరెక్కిన వాళ్ళ వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకునే ఇఖ్తియార్ ఆ చట్టంలోనే ఉంది. చూశారా? జల్పాయ్‌గురిలో ముందు జుర్మ్, తర్వాత ముద్ర. ఇక్కడ ముందు ముద్ర, జుర్మ్ ఎప్పుడు జరిగినా అతికించడానికి. ఒక మనిషిని మిగతా అందరి నుంచీ వేరు చేసి చూపించే లెక్కని, ఒక కౌమ్ మొత్తాన్ని ఒక్క మనిషిగా చూడడానికి వాడుకున్నారు. మద్రాస్‌లో 1947లో, దేశమంతా 1952లో ఆ చట్టం పోయింది. షక్ మాత్రం గెజిట్ చూసి పోదు కదా. మనకి ఈ సంగతి ఎవరూ వివరించాల్సిన పని లేదు.

అందుకే నేను మామూతో అన్నాను, పోలీసు చదువని వదిలేస్తే ఆ రిజిస్టరు ఎవరు రాస్తే వాళ్ళదే మాట అవుతుంది. అందులో తప్పుంటే పట్టుకోవడానికైనా లెక్క తెలిసినోళ్ళు మనలో ఉండాలి.

ఇక విషాల సంగతి. ఇది మన మిరప నేలకి మరీ దగ్గర. ఉమ్మెత్త గింజలు ఎండు మిరప గింజల్లాగే ఉంటాయి. పాతకాలంలో దారిదోపిడీ వాళ్ళు బాటసారుల తిండిలో ఉమ్మెత్త కలిపి దోచుకునేవాళ్ళు. అందుకే ఫోరెన్సిక్ చదివే ప్రతి పిల్లకీ ఈ రెండింటి ఫరక్ నేర్పిస్తారు. మిరప గింజ పలచన, నున్నగా, లేత పసుపు, ఘాటు వాసన. ఉమ్మెత్త గింజ కాస్త పెద్దది, మందం, మూత్రపిండం ఆకారం, పైన చిన్న చిన్న గుంటలు, చేదు, వాసన లేదు. మిర్చి యార్డులో పెరిగిన పిల్లకి ఈ పాఠం ఎవరు చెప్పాలి! మద్రాస్‌లో కెమికల్ ఎగ్జామినర్ ల్యాబ్ 1849లో పెట్టారు, దేశంలో అలాంటి వాటిలో అదే మొదటిది. మన జిల్లాలు మద్రాస్ కింద ఉన్నన్నాళ్ళూ విషం కేసులకి అదే దిక్కు.

ఇప్పుడు ఉమ్మెత్త తక్కువ, పత్తి మందులు ఎక్కువ. 1987 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని తినేసినప్పటి నుంచీ గుంటూరు, ప్రకాశం రైతుల ఇళ్ళల్లో జరిగింది అందరికీ తెలుసు. పోస్ట్‌మార్టంలో విసెరా తీసి, ఉప్పు నీళ్ళలో పెట్టి, లక్క సీలు వేసి ల్యాబ్‌కి పంపుతారు. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసే బేవాలు మన మొహల్లాల్లోనూ ఉన్నారు. కౌలు రైతు ఇంటికి సర్కారు సాయం రావాలన్నా ఆ కాగితం అడుగుతారు.

హైదరాబాద్‌లో ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. గాంధీనగర్‌లో 2020 చట్టంతో జాతీయ విశ్వవిద్యాలయమే వచ్చింది. డీఎన్‌ఏ ముద్రల పనిని మన దేశంలో 1988లో నిలబెట్టిన లాల్జీ సింగ్ హైదరాబాద్ సీసీఎంబీలోనే పనిచేశారు. 2024 జులై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో, ఏడేళ్ళు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు జుర్మ్ జరిగిన చోటికి పోవాలని రాశారు. చదివినోళ్ళకి పని దొరకదనే బెంగ అక్కర్లేదు.

మా ఫుప్పుకి చెప్పాల్సింది ఇంకొకటుంది. అది తెనాలి సంగతి. మన తెనాలి బిడ్డ ఆయేషా మీరా ఫార్మసీ చదువుతూ, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబర్ 27న ఖతల్ అయింది. ఒక యువకుడిని పట్టుకున్నారు, 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతను బేకసూర్ అని వదిలేసింది. అప్పటికే అతని జవానీలో ఎన్నో ఏళ్ళు జైల్లో పోయాయి, ఆ తల్లిదండ్రులకి ఇన్సాఫ్ కూడా రాలేదు. 2018లో కేసు సీబీఐకి ఇచ్చారు. వాళ్ళు మొదటి నుంచీ చూద్దామంటే, విజయవాడ కోర్టులో భద్రంగా ఉండాల్సిన సబూతులు నాశనమైపోయాయి. దాని మీదే ఒక వేరే కేసు పెట్టాల్సి వచ్చింది. సబూత్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో, సీలు ఎవరు వేశారో, ఎక్కడ పెట్టారో ఒక్కో దస్తఖత్‌తో రాసిపెట్టడం ఈ చదువులో నేర్పే పని. ఆ జాగ్రత్త అక్కడ నిలవలేదు. అందుకే 2019 డిసెంబర్‌లో, కోర్టు ఇజాజత్‌తో, పన్నెండేళ్ళ తర్వాత తెనాలి కబరస్తాన్‌లో ఆ బిడ్డ కబర్ తెరిచి, ఫోరెన్సిక్ వాళ్ళు ఎముకల నుంచి మళ్ళీ నమూనాలు తీసుకున్నారు.